గాలితో కుట్టిన గౌను

నెట్ క్లాత్ ఒక గజం కొనుక్కొచ్చి, ఒక పొర అరచేతి మీద పరిచి చూడండి. చేతిగీతలతో సహా అన్నీ కనిపిస్తాయి. మడిచి రెండు పొరలు చేస్తే కొంచెం మసకబారుతుంది. నాలుగైతే పొగమంచులోంచి చూస్తున్నట్టుంటుంది. పది దాటేసరికి చేయి ఆనవాలు తెలియదు, తెలుపు ఒక్కటే మిగులుతుంది. మొన్న మా అక్క కూతురి పుట్టినరోజు గౌను లోపలికి టైలర్ క్యాన్‌క్యాన్ నెట్ తెమ్మంటే తెచ్చి, ఇచ్చే ముందు బల్ల మీద ఇదే పని చేస్తూ చాలాసేపు కూర్చున్నాను. బాలే నర్తకి నడుము చుట్టూ పళ్లెంలా నిలబడే టూటూ నాకు ఆ మడతల్లో కొంత అర్థమైంది.

పటికబెల్లం పలుకు వెలుగుకి అడ్డం పెడితే అద్దంముక్కలా ఉంటుంది. దాన్నే దంచితే తెల్లటి పొడి. రంగేమీ కలపలేదు, వెలుగు తగిలే అంచులు పెరిగాయంతే. గాలిలోంచి పలుకులోకి వెళ్లే చోటా, పలుకులోంచి గాలిలోకి వచ్చే చోటా వెలుగు కొంత వెనక్కి మళ్లుతుంది. అలా వేలసార్లు చెదిరి, అన్ని రంగులూ సమానంగా బయటికొస్తే మన కంటికి తెలుపు. మబ్బు తెలుపూ, పాల నురుగు తెలుపూ ఇలాంటివే. నెట్‌లో పోగుకీ పోగుకీ మధ్య గాలి, పొరకీ పొరకీ మధ్య గాలి. టూటూలో గుడ్డ కన్నా గాలే ఎక్కువ. దాని రెండువందల ఏళ్ల కథ నడిపించింది కూడా ఆ గాలేనని నా నమ్మకం.

1832 మార్చి 12న పారిస్ ఆపెరాలో 'లా సిల్ఫీడ్' అనే బాలే మొదటిసారి ఆడింది. సిల్ఫ్ అంటే గాలిలో తిరిగే కన్య. ఆ వేషం మారీ టాలియోనీది, నాట్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో టాలియోనీ. వేషం గీసింది యూజీన్ లామీ అనే చిత్రకారుడని చెబుతారు. ఒంటికి అతుక్కున్న చిన్న జాకెట్టు, పిక్కల దాకా గంటలా విచ్చుకున్న తెల్లటి పలచటి పావడా, వీపున చిన్న రెక్కలు. అంతే. కానీ అప్పటికి పదేళ్ల క్రితం, 1822లో, ఆ నాటకశాలకి గ్యాస్ దీపాలు వచ్చాయి. కొవ్వొత్తుల్లా కాకుండా గ్యాస్ మంటని కుళాయి తిప్పి పెంచొచ్చు, తగ్గించొచ్చు. వేదిక మీద వెన్నెల కాయించొచ్చు. ఆ తగ్గించిన వెలుగులో పలచటి పొరలు వెలుగుని పట్టుకుని తమలోనే దాచుకున్నట్టు కనిపించేవి. కాలివేళ్ల కొసల మీద లేచిన టాలియోనీకి నేలతో పనిలేదేమో అనిపించడంలో ఆమె సాధన ఎంతుందో, ఆ పొరల పనితనమూ అంత ఉంది. 1841లో వచ్చిన 'జిసెల్' బాలేలో దయ్యాలైన కన్యలకీ ఇదే తెలుపు వేశారు.

పావడా పైకి జరగడం అంతకు వందేళ్ల ముందే మొదలైంది. 1726లో పారిస్ ఆపెరాలో అడుగుపెట్టిన మారీ కమార్గో గాలిలోకి ఎగిరి, దిగేలోపు పాదాలు ఒకదాని ముందుకి ఒకటి చకచకా మార్చేది. నేలని తాకే అంచు కింద ఆ పని ఎవరికి కనిపిస్తుంది? అంచుని చీలమండల పైకి ఎత్తించుకుంది. తర్వాత కూడా అంతే, పాదం కొత్త విద్య నేర్చిన ప్రతిసారీ పావడా కొంచెం తగ్గింది.

ఇప్పటి టూటూకి వాడే ట్యూల్ నెట్‌కి ఫ్రాన్సులోని ట్యూల్ అనే ఊరి పేరే ఉన్నా, అది చవగ్గా, గజాల కొద్దీ దొరికేలా చేసింది ఇంగ్లండ్‌కి చెందిన జాన్ హీత్‌కోట్. దిండు మీద సూదులు గుచ్చి, కండెలకి చుట్టిన దారాలు ఒకదానితో ఒకటి మెలిపెడుతూ ఆడవాళ్లు చేతితో అల్లే లేసుని గమనించి, ఆ చేతి కదలికలని ఇనుముతో చేయించే యంత్రానికి 1809లో పేటెంట్ తీసుకున్నాడు. అది అల్లిన కన్నాలు తేనెపట్టు గదుల్లా ఆరు పలకలవి. ఒకే సైజు కన్నాలతో ఒక చోటంతా కప్పాలంటే తక్కువ దారం ఖర్చయ్యేది ఆరు పలకలతోనే. తేనెటీగ మైనం మిగుల్చుకునే లెక్కా ఇదే. తక్కువ దారం అంటే మళ్లీ ఎక్కువ గాలి. 1816 జూన్‌లో ఒక రాత్రి, యంత్రాల వల్ల కడుపు కాలిన పనివాళ్లు లఫ్‌బరోలోని అతని ఫ్యాక్టరీ మీద పడి 55 యంత్రాలు పగలగొట్టారు. అతను టివర్టన్ అనే ఊరికి మారిపోయాడు. అక్కడ అతను పెట్టిన సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. 2021లో పర్సెవరెన్స్ రోవర్‌ని అంగారకుడి మీద దించిన పారాచూట్ గుడ్డ నేసింది వాళ్లే. గాలిని పట్టే గుడ్డకి ఆ ఊరితో ఇంత చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమనిపించింది.

పొయ్యి వెలిగించినవాళ్లకి తెలుసు, లావాటి మొద్దు అంటుకోవడానికి ఎంతసేపు పడుతుందో, కొబ్బరిపీచు ఎంతలో భగ్గుమంటుందో. మంట అంటుకునేది నూలుకి కాదు, నూలు వేడెక్కితే వచ్చే వాయువులకి. మందంగా ఉన్న దుప్పటి ఆ వేడిని కాసేపు తనలోకి పీల్చుకోగలదు. పలచటి పోగుకి ఆ ఓపిక ఉండదు, చుట్టూ ఆక్సిజన్ సిద్ధంగా ఉంటుంది. పైగా గంటలా విచ్చుకున్న పావడా పొగగొట్టంలా పనిచేస్తుంది: వేడిగాలి పైకి పోతుంటే కిందినుంచి కొత్తగాలి లోపలికి దూసుకొస్తుంది. అలాంటి పావడాలు వేసుకున్న అమ్మాయిలు అడుగుకొక మంట ఉన్న వేదికల మీద రాత్రి తర్వాత రాత్రి ఆడారు. 1844 డిసెంబర్‌లో లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి పావడా ప్రేక్షకుల కళ్లముందే దీపం తగిలి అంటుకుంది. మూడు రోజుల్లో చనిపోయింది. 1861లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒకరి దుస్తులకి అంటుకున్న మంట ఆర్పబోయిన తోటివాళ్లకీ పాకింది. కనీసం ఆరుగురు అమ్మాయిలు పోయారు.

ఎమ్మా లివ్రీ సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆమె మారీ టాలియోనీ శిష్యురాలు. ఆమె కోసం టాలియోనీ 1860లో సీతాకోకచిలుక కథతో ఒక బాలే కూర్చింది. అందులో నాయిక రెక్కలు కాగడా తగిలి కాలతాయి. పావడాలని పటికలాంటి లవణాల నీళ్లలో ముంచి ఆరబెట్టాలని 1859లోనే ఫ్రాన్స్ ప్రభుత్వం ఆదేశించింది. మంగలిషాపులో గడ్డం గీశాక రాసే పటికే. దాని స్ఫటికంలో నీరు దాగి ఉంటుంది. వేడి తగిలితే ఆ నీరు బయటికొచ్చి మంట వేడిని మింగేస్తుంది, నూలు భగ్గుమనకుండా బొగ్గుగా మారుతుంది. కానీ లవణం పేరుకున్న గుడ్డ బిరుసెక్కేది, తెలుపు మాసినట్టయ్యేది. నేను మామూలు పావడాతోనే ఆడతాను, బాధ్యత నాదే అని లివ్రీ రాసిచ్చింది.

1862 నవంబర్ 15న ఒక ఆపెరా, అంటే పాటల నాటకం, రిహార్సల్. తన వంతు కోసం పక్కన ఎదురుచూస్తూ పావడా పొరలు విదిలించి సర్దుకుంది. ఆ విదిలింపులో ఒక అంచు గ్యాస్ దీపం మీదకి పోయింది. మంటలతో ఆమె వేదిక మీద అటూఇటూ పరుగెత్తింది. పరుగెత్తితే గాలి ఇంకా తగులుతుందని ఆ క్షణంలో ఎవరికి తోస్తుంది? ఒకరు దుప్పటితో ఆమెని పట్టుకునేసరికే ఆలస్యమైంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలైలో కన్నుమూసింది. అప్పటికి ఇరవై ఏళ్లు. కాలగా మిగిలిన ఆ దుస్తుల పేలికలు ఇప్పటికీ పారిస్ ఆపెరా మ్యూజియంలో ఉన్నాయి. అందం మోజులో ప్రాణం పోగొట్టుకుందని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. బరువు లేనట్టు కనిపించడమే ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇచ్చినవాళ్లు ముందుగా దీపాలకి జాలీలు బిగించాల్సింది.

1880లలో నాటకశాలలకి కరెంటు దీపాలు రావడంతో ఆ గండం తగ్గింది. ఆ రోజుల్లోనే పావడా కూడా మోకాళ్లు దాటి పైకి పోయింది. ఇటలీ నర్తకి వర్జీనియా జుక్కీ 1885లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి వెళ్లి, అక్కడి నిబంధన ప్రకారం పొడుగు పావడా వేసుకోనని పట్టుబట్టింది. 1895లో 'స్వాన్ లేక్' బాలేలో పియెరీనా లెన్యానీ ఒంటికాలి మీద, రెండో కాలు కొరడాలా విసురుతూ వరసగా 32 చుట్లు తిరిగింది. పరికిణీ వేసుకుని గిర్రున తిరిగి ఠక్కున ఆగిన ఏ ఆడపిల్లనైనా అడగండి: మనం ఆగుతాం, పరికిణీ ఆగదు, కాళ్లకి చుట్టేసుకుంటుంది. ఒంటికాలి వేళ్ల మీద నిలబడినప్పుడు అలా చుట్టుకుంటే పడిపోవడమే. పైగా కాలు తొడ దగ్గరనుంచి ఎటు తిరుగుతోందో జనానికి కనిపించాలి. పావడా పొట్టిదై, చివరికి అడ్డంగా నిలబడింది. టూటూ అనే పేరు కూడా ఆ కాలంలోనే వాడుకలోకి వచ్చింది. ఫ్రెంచ్ చిన్నపిల్లలు పిర్రలకి వాడే ముద్దుమాట నుంచి పుట్టిందంటారు.

అడ్డంగా నిలబడటం మాత్రం తేలిక కాదు. గుడ్డ ఎప్పుడూ కిందికే వేలాడాలనుకుంటుంది. టూటూ కుట్టేవాళ్లు నెట్‌ని పొడుగాటి పట్టీలుగా కత్తిరించి, మీటర్ల కొద్దీ పట్టీని కుచ్చుపోసి తుంటి చుట్టూ ఇమిడ్చేస్తారు. అలా పది, పన్నెండు వరసలు. అన్నిటికన్నా పొట్టి వరస కింద, తొడ దగ్గర. దాని మీద కొంచెం పొడుగుది, ఇంకా పైన ఇంకొంచెం పొడుగుది. కింది మెట్టు పై మెట్టుని మోస్తుంది. కుచ్చులు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిందికి వాలడానికి చోటివ్వవు. బంతిపువ్వులో రేకులు కిక్కిరిసి నిలబడ్డట్టే. మధ్య వరసల్లో ఒకదానిలో సన్నటి ఉక్కు తీగ దూర్చి, పొరలన్నిటినీ వదులు కుట్లతో అక్కడక్కడా కలుపుతారు. ఈ కుట్లు బిగిస్తే పొరలు అతుక్కుని మధ్యలో గాలి పోతుంది, మరీ వదిలేస్తే దేనికదే ఊగుతుంది. గంజి పెట్టిన నూలు చెమటకి మెత్తబడిపోయేది. నైలాన్ వచ్చాక ఆ బెడద తగ్గింది.

ఉక్కు తీగతో ఇంకో చిక్కుంది. పక్కనున్న నర్తకి తగిలి ఒక అంచు దిగితే, ఎదుటి అంచు తక్కెడ పళ్లెంలా పైకి లేస్తుంది. జార్జ్ బాలంచీన్ కూర్చిన 'సింఫనీ ఇన్ సి' బాలే ముగింపులో యాభైమందికి పైగా ఒకేసారి వేదిక మీదకి వస్తారు. 1950లో దానికి కొత్త దుస్తులు కుట్టిన బార్బరా కరిన్‌స్కా ఆ తీగనే తీసేసింది. వరసలు పొట్టిగా, మెత్తగా, ఒకదాని మీద ఒకటి ఆనుకునేలా పేర్చి, కుచ్చుల బలంతోనే నిలబెట్టింది. పౌడర్ అద్దుకునే పఫ్‌లా ఉందని దానికి పౌడర్ పఫ్ టూటూ అనే పేరొచ్చింది. వేర్వేరు రంగుల నెట్ పొరలు ఒకదాని కింద ఒకటి వేసి, దూరంనుంచి చూస్తే రంగే ఊపిరి తీస్తున్నట్టు చేయడంలో కూడా ఆమె దిట్ట. రెండు దోమల మెష్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి జరిపితే అలలు పరుగెత్తినట్టు కనిపిస్తుంది కదా, నర్తకి కదిలినప్పుడు నెట్ పొరల మధ్య కూడా అలాంటి అలలు మెరుస్తాయి.

ఆట ముగిశాక టూటూలని తలకిందులుగా వేలాడదీస్తారు, రోజంతా కిందికి లాగిన భూమి ఆకర్షణే రాత్రంతా పొరలని తిన్నగా చేసేలా. నీళ్లలో ఉతికితే పాడవుతాయి కాబట్టి చాలాచోట్ల చెమట వాసన పోవడానికి జాకెట్టు లోపల వోడ్కా పిచికారీ చేస్తారు. జాకెట్టు వెనక జిప్ ఉండదు, హుక్కులుంటాయి. హుక్కు పట్టే కాజాలు రెండు మూడు వరసలు, ఎందుకంటే ఒక్క టూటూని ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటారు. లోపల కుట్టిన చిన్న గుడ్డముక్క మీద వాళ్ల పేర్లు ఇంకుతో, ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి.