అవ్వ ముక్కు, కారు ముక్కు

పిల్లలూ,

పోయిన ఆదివారం బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మా మనవరాలు అడిగింది: "తాతా, కారు బాగానే నడుస్తోంది కదా, ఆ పసుప్పచ్చ ఇంజను బొమ్మ ఎందుకు వెలుగుతోంది?" బండ్లు కదిలేలోపు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

అనంతపురం జిల్లాలో మా ఊళ్లో అవ్వ కట్టెల పొయ్యి మీద వండేది. వసారాలో వక్కాకు నములుతూనే, లోపల మంట ఎలా ఉందో వాసనను బట్టి చెప్పేది. "పొగ కమ్మింది, రెండు కట్టెలు వెనక్కి లాగరా" అనేది. నేను లాగి, ఊదుగొట్టంతో ఊదేవాణ్ణి. కళ్లలో నీళ్లు కారేవి. అయినా సంగటి ఉడికే వాసనకు అక్కడి నుంచి లేవబుద్ధయ్యేది కాదు.

కారులో ఆక్సిజన్ సెన్సార్ అవ్వ ముక్కే. ఇంజను పొగ బయటికి పోయే గొట్టానికి బిగించి ఉంటుంది. కాలగా మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టి కారు కంప్యూటర్‌కు చెబుతుంది. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. మా పాత కారు సెన్సార్ పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దాకా ఎక్కుతుంది, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి దిగుతుంది. కంప్యూటర్ వెంటనే కట్టెలు, అంటే పెట్రోలు, సర్దుతుంది. 300 డిగ్రీల వేడి తగిలితే గానీ ఈ ముక్కు సరిగ్గా పనిచేయదు. అందుకే లోపల చిన్న హీటరు పెట్టారు.

ఒక చలికాలం అవ్వకు జలుబు చేసింది. ఇల్లంతా పొగ కమ్మినా ఆమెకు తెలియలేదు, కట్టెలన్నీ వృథా. సెన్సార్ పాడైతే మైలేజీ అలాగే పడిపోతుంది. ఇంకోరోజు ముక్కు బాగానే ఉంది, కిటికీ గాలికి వాసన చెదిరింది. మంట తగ్గిందనుకుని కట్టెలు ఎగదోయమంది. సెన్సార్‌కు ముందు గొట్టం చిల్లుపడి బయటి గాలి చొరబడితే అదీ ఇలాగే మోసపోతుంది. ముక్కును నిందించే ముందు పొయ్యి చూడాలి. మనుషుల విషయంలోనూ అంతే.

అందుకే ఆ బొమ్మ వెలగగానే కొత్త సెన్సార్ కోసం కారు సామాన్లు అమ్మే జేసీ రోడ్డుకు పరిగెత్తలేదు. మెకానిక్ ముందు గొట్టం, వైర్లు చూశాడు. తర్వాత సెన్సార్ చెప్పేది తెర మీద గీతగా చూపే స్కానర్ పెట్టాడు. పైకీ కిందికీ ఆడాల్సిన గీత చాలాసేపు 0.45 వోల్టు దగ్గరే నిలబడిపోయింది. మీటరుతో చూస్తే సెన్సార్ లోపలి హీటరు తీగ తెగిందని తేలింది. ఆ పసుప్పచ్చ బొమ్మ వెలిగింది అందుకే. అప్పుడే మార్చాం. తుప్పు వదిలే నూనె కొట్టాక గానీ పాతది 22 నంబరు స్పానర్‌కు కదల్లేదు. కొత్తదాని మొనను మాత్రం నన్ను వేలితో కూడా తాకనివ్వలేదు.

ఈసారి మీ ఇంట్లో కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు మీరూ వెంట వెళ్లండి. గొట్టం జోలికి పోకండి, కాలుతుంది. స్కానర్ తెర చూపించమని అడగండి. పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌కు ముందున్న సెన్సార్ గీత ఎగిరెగిరి పడుతుంటే, దాన్ని దాటాక ఉన్న రెండో సెన్సార్‌ది చెరువు నీళ్లలా నిలకడగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టించి చూడండి.

మీ తాతయ్య