పాత జీజిప్ కాపీ కొత్త పేజీని ఎందుకు చెడగొడుతుంది?

ఇంటర్ ఫలితాల ముందురోజు రాత్రి, విజయవాడ లబ్బీపేటలోని మా ఆఫీసు నుంచి ఒక కాలేజీ సైటుకి కొత్త స్టైల్‌షీట్ (పేజీ రంగూ రూపమూ చెప్పే ఫైలు) ఎక్కించాం. కర్ల్ (కమాండుతో ఫైళ్లు తెప్పించే పనిముట్టు) కొట్టి అడిగితే కొత్త ఫైలే వచ్చింది. ఫోన్లో మాత్రం పాతదే. బ్రౌజర్ కాష్ తుడిచినా పాతదే. తెల్లారేముందు దొరికింది కారణం: అసలు ఫైలు పక్కనే డాట్ జీజెడ్ తోకతో, జీజిప్ అనే ప్రోగ్రాంతో ఎప్పుడో కంప్రెస్ చేసిన (కుదించిన) కాపీ ఉండిపోయింది. జీజిప్ తీసుకుంటానని బ్రౌజర్ చెబుతుంది, అడగనిదే కర్ల్ చెప్పదు. అందుకే ఇద్దరికీ వేర్వేరు ఫైళ్లు అందాయి. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో జీజిప్ స్టాటిక్ అమరిక ఉంటే అది కాపీ ఉందా లేదా అనే చూస్తుంది, అసలు ఫైలు తేదీతో పోల్చదు.

ఇలా రెండు కాపీలు పక్కపక్కన పెట్టుకోవాల్సిన అవసరం ఎక్కడ పుట్టింది?

యునిక్స్‌లో అంతకుముందు వాడుతున్న కంప్రెస్ ప్రోగ్రాం ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద నడిచేది, దానికి పేటెంటు ఉంది. ఆ చిక్కు లేకుండా 1992లో జ్యాఁ-లూ గయీ, మార్క్ ఆడ్లర్ జీజిప్ తెచ్చారు. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే తీరుకి 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంతో, ఏ కంప్రెషన్ తనకు పనికొస్తుందో బ్రౌజర్ సర్వర్‌కి చెప్పే పద్ధతి స్థిరపడింది. గుంటూరు బ్రాడీపేట నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చున్నవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. 56కే మోడెం ఎంత బాగా పట్టినా సెకనుకి 7 కేబీ. నూరు కేబీ స్క్రిప్టుకి పావు నిమిషం. స్టైల్‌షీట్లు, స్క్రిప్టులు జీజిప్‌తో సుమారు 70 శాతం తగ్గుతాయి కాబట్టి అదే ఫైలు నాలుగైదు సెకన్లలో దిగుతుంది.

భారం సర్వర్ మీద పడింది. అపాచీ 2.0 వెబ్ సర్వర్‌లోని మాడ్ డిఫ్లేట్ అనే భాగం, అడిగిన ప్రతిసారీ ఫైలుని కొత్తగా కంప్రెస్ చేసేది. గుంటూరు వైపు ఏడాదికి సరిపడా కారం ఎండాకాలంలోనే ఆడించి జాడీకెత్తుతారు, చుట్టం వచ్చినప్పుడల్లా మిరపకాయలు మరకు మోసుకెళ్లరు. ఫలితాల రోజున మారని ఒకే ఫైలుని వేలసార్లు పిండడం అలాంటి వృథా. ఒక్కసారి చేసి అసలు ఫైలు పక్కనే పెట్టుకునే జీజెడ్ కాపీ అవసరం అక్కడే పుట్టింది. పైగా జీజిప్‌లో 1 నుంచి 9 దాకా స్థాయిలున్నాయి. పైకి వెళ్లేకొద్దీ ప్రాసెసర్ తింటుంది కాబట్టి చాలామంది కింది స్థాయిలతోనే సరిపెట్టుకున్నారు.

ఈలోపు పీహెచ్‌పీ భాషలో సైట్లు రాసే వాళ్లం మరో దారి తొక్కాం. స్టైల్‌షీట్‌ని పీహెచ్‌పీ గుండా పంపి, అక్కడే జీజిప్ చేయించాం. సైజు తగ్గింది నిజమే. కానీ మామూలు ఫైలుకి సర్వర్ తనంతట తానే పెట్టే ఈట్యాగ్ (ఫైలు గుర్తు), చివరిగా మారిన తేదీ పోయాయి. అవి లేకపోతే ‘మారలేదు’ అనే 304 జవాబు ఉండదు, మళ్లీ ఫైలంతా దిగాల్సిందే. ఒక చేత్తో మిగిల్చింది ఇంకో చేత్తో పారబోసిన ఆ పొరపాటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. చూడటానికి అంతా సరిగ్గానే కనిపించేది మరి.

బ్రౌజర్ల గొడవ వేరు. నెట్‌స్కేప్ 4 జీజిప్ తీసుకుంటానని చెప్పేది, పేజీ తప్ప మిగతావి ఇస్తే తడబడేది. మధ్యలో ప్రాక్సీ (కాపీలు దాచి పంచే సర్వర్) ఉంటే ఒకరి కాపీ ఇంకొకరికి వెళ్లే ప్రమాదం కూడా ఉండేది. బ్రౌజర్ అడిగినదాన్ని బట్టి జవాబు మారుతుందని ప్రాక్సీకి చెప్పే ‘వేరీ’ హెడర్ ఉన్నది దానికే.

సరైన మలుపు నా లెక్కలో 2011లో, సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ రైల్స్ 3.1తో వచ్చింది. ఫైలులో ఉన్నదాన్ని బట్టి ఎండీ5 ముద్ర (అక్షరాలు, అంకెల వరస) తీసి దాన్ని ఫైలు పేరులోనే కలిపింది, జీజెడ్ కాపీని అదే సమయంలో తయారుచేసింది. లోపల ఒక్క అక్షరం మారినా పేరు మారుతుంది. కొత్త పేరుకి పాత జీజెడ్ తగులుకునే వీలే లేదు. బ్రౌజర్‌ని ఏడాదిపాటు దాచుకోమన్నా భయం లేదు.

2016లో ప్రమాణంగా వచ్చిన బ్రాట్లీ అనే మరో కంప్రెషన్ పద్ధతితో ముందే చేసి పెట్టుకోవడం ఇంకా ముఖ్యమైంది. దాని 11వ స్థాయి బాగా చిన్నది చేస్తుంది, కానీ అడిగినప్పటికప్పుడు చేయలేనంత నిదానం. ఇప్పుడు ఒక్కో ఫైలుకి మూడు రూపాలు: మామూలుది, జీజెడ్, బ్రాట్లీది అయిన బీఆర్.

ఆ రాత్రి జీజెడ్ చెరిపేసి పేజీ నిలబెట్టాం. తర్వాతి వారం పేర్లన్నీ ముద్రలతో మార్చాం. ఇప్పుడు ఏది ఎక్కించినా కర్ల్‌తో మూడు రూపాలూ విడివిడిగా తెప్పించి, విప్పి, ఒకటేనా కాదా అని పోల్చాకే ఆఫీసు తలుపు వేస్తాం.