జల్లెడ కాదు, తీగ కాదు: కణత్వచంపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధిస్తున్న నాకు, కణత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడూ అవే అపోహలు ఎదురవుతుంటాయి. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లోనూ అవి ఉంటాయి, ఇంట్లో ఓఆర్ఎస్ కలిపే పెద్దవాళ్లలోనూ ఉంటాయి.

అపోహ: కణత్వచం ఒక జల్లెడ, చిన్నవి దాటిపోతాయి, పెద్దవి ఆగిపోతాయి.

వాస్తవం: పరిమాణమే లెక్కయితే సోడియం అయాను అందరికంటే ముందు దాటిపోవాలి. రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడిన ఆ పొరలోంచి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ సులువుగా జారిపోతాయి గాని, విద్యుదావేశం ఉండి చుట్టూ నీటి అణువులను కప్పుకొని తిరిగే సోడియం అక్కడే నిలిచిపోతుంది. దానికి దారి ఇచ్చేవి పొరలో ఇమిడి ఉన్న ప్రోటీన్ మార్గాలు. వాటిలో పొటాషియం మార్గం మరీ విచిత్రమైనది: పొటాషియాన్ని పోనిస్తుంది, అంతకంటే చిన్నదైన సోడియాన్ని ఆపేస్తుంది. మార్గపు ఇరుకు భాగంలో వరుసగా అమరిన ఆక్సిజన్ పరమాణువులు, పొటాషియం విడిచిన నీటి తొడుగు స్థానాన్ని సరిగ్గా భర్తీ చేస్తాయి. చిన్నదైన సోడియంకు ఆ పట్టు అందదు కనుక అది తన తొడుగును విడవదు. ఈ నిర్మాణాన్ని అమెరికా శాస్త్రవేత్త రోడరిక్ మెకిన్నన్ బృందం 1998లో చూపించింది, 2003లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంట్లో జల్లెడ పడితే బియ్యం ఆగి నూకలు పోతాయి. ఇక్కడ బియ్యం పోయి నూకలు ఆగుతున్నాయి.

అపోహ: నరం కరెంటు తీగ లాంటిది.

వాస్తవం: తీగలో ఎలక్ట్రాన్లు పొడవునా కదులుతాయి, నరంలో అయాన్లు ప్రధానంగా పొరకు అడ్డంగా, బయటినుంచి లోపలికీ లోపలినుంచి బయటికీ కదులుతాయి. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. ఇది స్వల్పంగా తోచవచ్చు. కాని ఏడెనిమిది నానోమీటర్ల మందం మీద పడే ఆ తేడాను మీటరు లెక్కకు మారిస్తే దాదాపు కోటి వోల్టులవుతుంది. ఆ తేడా కొంత తగ్గగానే సోడియం మార్గాలు తెరుచుకుంటాయి, లోపలికి వచ్చిన సోడియం పక్కనున్న మార్గాలను తెరిపిస్తుంది, అలా చేను గట్టున ఎండుగడ్డికి మంట పాకినట్టు సంకేతం అడుగడుగునా కొత్తగా పుడుతూ పోతుంది. గడ్డి బూడిదవుతుంది గాని, నరం కొద్ది మిల్లీసెకన్లలోనే మళ్లీ సిద్ధమవుతుంది. వేగమూ అన్ని తంతువుల్లో ఒకటి కాదు. మయలిన్ అనే కొవ్వు తొడుగున్న లావు తంతువుల్లో సెకనుకు 120 మీటర్ల వరకు ఉంటే, తొడుగులేని సన్నని నొప్పి తంతువుల్లో ఒక మీటరు చొప్పున ఉంటుంది. గడపకు కాలి బొటనవేలు కొట్టుకున్నప్పుడు, తగిలిందని ముందు తెలిసి సలుపు ఆ వెనక ఎక్కిరావడం అందుకే.

అపోహ: ప్రతి నాడీ సంకేతాన్నీ సోడియం-పొటాషియం పంపే నడుపుతుంది.

వాస్తవం: పరీక్ష పత్రాల్లో నేను ఎక్కువగా కొట్టివేసే వాక్యమిది. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ వెల్లడించిన ఈ పంపు పొరలోని ఒక ప్రోటీన్; కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒక్కటి ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఇది మేడ మీది ట్యాంకు నింపే మోటారు. కుళాయి తిప్పితే వచ్చేవి ట్యాంకులో నీళ్లే; అలాగే సంకేతం నడిచేది పంపు ముందే నిలిపి ఉంచిన అయాన్ల తేడాతోనే. స్క్విడ్ అనే సముద్రజీవి లావు నాడీతంతువులో పంపును విషంతో ఆపినా సంకేతాలు చాలాసేపు సాగుతూనే ఉంటాయి.

అపోహ: పళ్ల డాక్టరు ఇచ్చే మత్తు సూది నరాన్ని చంపుతుంది.

వాస్తవం: ఆ సూదిలోని మందు లిగ్నోకైన్ నరంలోని సోడియం మార్గాలను తాత్కాలికంగా మూస్తుంది, అంతే.

అపోహ: ఓఆర్ఎస్‌లో పంచదార బలానికి; ఎక్కువ వేస్తే ఇంకా మంచిది.

వాస్తవం: మా వీధిలో ఒక పెద్దావిడ మనవడికి ఇంట్లో కలిపిన ఓఆర్ఎస్‌లో గుప్పెడు పంచదార అదనంగా పోసి, “చప్పగుంటే తాగడండి మాస్టారూ” అన్నారు. పేగు గోడలోని ఒక రవాణా ప్రోటీన్ రెండు సోడియం అయాన్లతో పాటు ఒక గ్లూకోజును లోపలికి లాగుతుంది, వాటి వెంట నీరు వెళుతుంది. కలరాలో సైతం ఈ దారి పనిచేస్తుంది. అందుకే 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మిశ్రమంలో లీటరుకు సోడియం, గ్లూకోజు చెరి 75 మిల్లీమోల్స్ ఉంటాయి. పంచదార మితిమీరితే, మాగాయ ముక్కలకు ఉప్పు కలిపినప్పుడు ఊట దిగినట్టే, ఒంట్లోని నీరు పేగులోకి దిగి విరేచనాలు పెరుగుతాయి. ప్యాకెట్టు దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటికి అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార, అన్నీ తలకొట్టి, కలపాలి.

అపోహ: కొబ్బరి నీళ్లు ఎవరికైనా మేలే.

వాస్తవం: మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటికి వచ్చినవారికి బొండాం కొట్టివ్వడం మర్యాద, కాని కిడ్నీ వ్యాధులూ ఆ ప్రాంతంలోనే ఎక్కువ. ఒక బొండాంలో వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని తగినంతగా బయటికి పంపలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే కణం లోపలి రుణావేశం తగ్గుతుంది, సోడియం మార్గాలు తిరిగి సిద్ధం కాలేక మూతపడి ఉండిపోతాయి, గుండె లయ తప్పి ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. డయాలసిస్‌కు వెళ్లే ఇంటి పెద్ద చేతికి బొండాం అందించే ముందు, ఆయన తాజా రక్తపరీక్ష కాగితంలో పొటాషియం అంకె ఎంతుందో, వైద్యుడు ఏం చెప్పారో అడిగి తెలుసుకోండి.