షాపు కంప్యూటర్‌కి ఇంటి నుంచి వీపీఎన్: అపోహలు, వాస్తవాలు

షాపులో ఉన్న ట్యాలీని (లెక్కల సాఫ్ట్‌వేర్) ఇంటి నుంచి చూసుకోవాలని అడిగేవాళ్లు చాలామంది. దానికి వీపీఎన్ కావాలి, అంటే ఇంటర్నెట్ మీదుగా షాపు నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య దారి. నెట్‌వర్కింగ్ పనిలో ఉన్న నాకు తరచూ వినబడే మాటలివి.

అపోహ: విండోస్‌లో వీపీఎన్ ఆప్షన్ ఆన్ చేస్తే సరిపోతుంది.

నెట్‌వర్క్ కనెక్షన్స్ విండోలో ఆల్ట్ కీ నొక్కి, ఫైల్ మెనూలో ‘న్యూ ఇన్‌కమింగ్ కనెక్షన్’ ఎంచుకుంటే కంప్యూటర్ వైపు పని దాదాపు అయిపోతుంది. అసలు చిక్కు బయట ఉంది. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో రౌటర్‌కి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు చేరుకోగలిగే ఇంటర్నెట్ చిరునామా, ఉండదు. ఒకే ఐపీని ఎంతోమంది కస్టమర్లకు పంచుతారు. దీన్నే సీజీనాట్ అంటాం. ఫ్లాట్ నంబర్ లేకుండా అపార్ట్‌మెంట్‌కి వచ్చిన పార్సిల్‌లా మీ కనెక్షన్ అక్కడే ఆగిపోతుంది.

అందుకే ముందు రౌటర్ సెట్టింగ్స్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) చూడండి. తర్వాత గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతకండి. రెండూ ఒకటే అయితే మంచిది. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే నంబర్ కనిపిస్తే మాత్రం పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రౌటర్ నుంచి కంప్యూటర్‌కి మళ్లించడం) ఎంత చేసినా లాభం లేదు. ఆ వరుసను 2012లో ఇందుకోసమే కేటాయించారు. నెట్ ఇచ్చేవాళ్లను స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ ఐపీ) అడగాలి, లేదా పోర్ట్ ఫార్వర్డింగ్ లేకుండానే కలిపే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడాలి. 192.168తో మొదలైతే మీ రౌటర్ ముందు ఇంకో మోడెమ్ ఉండి ఉండొచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (బయటి ఐపీని నేరుగా మీ రౌటర్‌కే వదిలేలా) పెట్టించి మళ్లీ చూడండి.

అపోహ: పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే పీపీటీపీ చాలు.

చాలదు. పైన చెప్పిన విండోస్ ఆప్షన్ మామూలుగా వాడే పాత వీపీఎన్ పద్ధతే పీపీటీపీ. పీపీటీపీలో లాగిన్‌కి వాడే ఎంఎస్‌చాప్ వీ2 పద్ధతిని ఒకే ఒక్క డెస్ (పాతబడిన, బలహీనమైన ఎన్‌క్రిప్షన్) కీ వెతికే పనికి దించేయొచ్చని 2012లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో చూపించారు. పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా ఫలితం అదే. యాపిల్ 2016లోనే ఐఫోన్ నుంచి దీన్ని తీసేసింది. పైగా 1723 పోర్ట్ ఒక్కటే తెరిస్తే పని జరగదు, అసలు డేటాను మోసే జీఆర్ఈ అనే వేరే ప్రోటోకాల్ కూడా రౌటర్ దాటాలి. చాలా రౌటర్లు అక్కడే మొరాయిస్తాయి.

నేను వైర్‌గార్డ్ అనే కొత్త తరహా వీపీఎన్ పెట్టమంటాను. మామూలుగా యూడీపీ 51820 పోర్ట్ ఒక్కటి రౌటర్‌లో ఫార్వర్డ్ చేసి, విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతిస్తే చాలు. కీ (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైల్) లేనివాళ్లు తట్టినా అది జవాబే ఇవ్వదు. ఒక్కో ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి విడిగా కీ ఇవ్వండి. ఫోన్ పోతే ఆ ఒక్క కీ తీసేస్తే సరి.

అపోహ: ఇదంతా ఎందుకు, రిమోట్ డెస్క్‌టాప్ (షాపు కంప్యూటర్ స్క్రీన్‌ను దూరం నుంచి వాడే విండోస్ సదుపాయం) పోర్ట్ తెరిస్తే పోయె.

దయచేసి ఈ పని చేయకండి. దాని పోర్ట్ 3389 కోసం ఇంటర్నెట్ అంతా రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములున్నాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ చొరబడే ప్రధాన దారుల్లో ఇదొకటి. ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు పోతే షాపు ఏమవుతుంది? రిమోట్ డెస్క్‌టాప్ వాడండి, కానీ వీపీఎన్ లోపల.

ట్యాలీకి కూడా అదే మేలు. డేటా ఫోల్డర్‌ను ఇంటి నుంచి నేరుగా తెరిస్తే నత్తనడకే, మధ్యలో లైన్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదమూ ఉంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో ప్రయాణించేది స్క్రీన్ బొమ్మ మాత్రమే.

అపోహ: సొంత వీపీఎన్ పెట్టుకోవడం నేరం.

కాదు. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ పెట్టిన, కస్టమర్ల రికార్డులు ఉంచాలనే నిబంధన జనానికి వీపీఎన్ సర్వీసు ఇచ్చే కంపెనీలకు.

చివరగా, కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి. టెస్ట్ మాత్రం షాపు వైఫైలో కాకుండా ఫోన్ డేటాలో చేయండి. లోపలి నుంచి తమ సొంత పబ్లిక్ ఐపీకి చాలా రౌటర్లు దారి ఇవ్వవు, అంతా సరిగ్గా ఉన్నా కనెక్ట్ కానట్టే కనిపిస్తుంది.