నలుసు దూదిలోనే తియ్యాలి

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రశ్న ముందుగా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, మిగతా పిల్లలూ చదువుతారు కాబట్టి. "మేడ మీద గదిలో వాయిస్తుంటే మా పాట అదిరిపోతోంది. అదే ఫోన్లో రికార్డు చేసి వింటే నీళ్ళ ట్యాంకులో కూర్చుని వాయించినట్టుంది. ఎందుకు తాతయ్యా?"

ఫోను అబద్ధం చెప్పలేదర్రా. మీ గది నిజంగా నీళ్ళ ట్యాంకే. నాలుగు పక్కలా సిమెంటు గోడలు, పైన శ్లాబు, కింద గచ్చు. డ్రమ్ము మీద పడ్డ దెబ్బ నేరుగా ఒకసారి, గోడలకి కొట్టుకుని పదిసార్లు చెవిని చేరుతుంది. శబ్దానికి గాలిలో మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఆ పదీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. మన రెండు చెవులూ, వాటి వెనకున్న బుర్రా కలిసి అసలు దెబ్బని పట్టుకుని మిగతావాటిని పక్కకి నెట్టేస్తాయి. ఒంటి మైకుకి ఆ విద్య రాదు. పైగా చాలా ఫోన్లు గట్టి శబ్దాన్ని వాటంతట అవే తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచుతాయి. దాంతో దెబ్బ చిక్కిపోయి దాని తోక బలుస్తుంది.

పొందూరు ఖద్దరు తయారవడం చూశారా? చూడకపోతే ఒక ఆదివారం వెళ్ళి చూడండి, మనకి దగ్గరే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళకి నలుసులు చిక్కుకుని దూది శుభ్రపడుతుంది. గింజ తీయడం, ఏకడం, వడకడం, నెయ్యడం అన్నీ ఆ తర్వాతే. దూదిలో ఉండిపోయిన నలుసు నూలులో ముడి అవుతుంది, బట్టలో మచ్చ అవుతుంది. మగ్గం మీద కూర్చున్నవాడు ఎంత పనివాడైనా దాన్ని తియ్యలేడు. రికార్డింగు దూది పని. విడివిడిగా ఎక్కించినవాటిని కలిపి సరిచేసే మిక్సింగు మగ్గం పని. "తర్వాత మిక్సింగులో చూసుకుందాంలే" అని మీలో ఎవరైనా అంటే, ఆ వాయింపు అక్కడే ఆపించి మళ్ళీ వాయించమనండి.

మా చిన్నతనంలో టేప్‌రికార్డరు ఒకటి మధ్యలో పెట్టి అందరూ చుట్టూ నిలబడేవారు. డప్పు ఎక్కువైతే డప్పు మనిషి నాలుగడుగులు వెనక్కి జరగాలి, అదే మిక్సింగు. 1979లో టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో 144 తెచ్చి, మామూలు క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు (ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరుస) విడివిడిగా ఎక్కించుకునే వీలు ఇంటికి తెచ్చింది. ఇప్పుడు మీకు రికార్డింగు సాఫ్ట్‌వేరున్న లాప్‌టాపు, రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేసు (మైకు శబ్దాన్ని కంప్యూటరుకి అందించే పెట్టె), ఒక డైనమిక్ మైకు (గట్టి దెబ్బలు తట్టుకునేది), ఒక కండెన్సర్ మైకు (సన్నని శబ్దాలు కూడా పట్టేది), చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. కండెన్సర్‌కి ఇంటర్‌ఫేసు మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ నొక్కాలి, మైకు వైరులోంచే దానికి కరెంటు అందుతుంది. అది మరిచిపోయి మైకు పాడైందనుకునేవాళ్ళు చాలామంది.

అందరూ ఒకేసారి వాయించకండి. ముందు లయకి టిక్ టిక్‌మనే మెట్రోనోము పెట్టి, ఒక గిటారూ గొంతూ గుర్తు కోసం ఎక్కించండి. డ్రమ్ము అబ్బాయి హెడ్‌ఫోన్లో అది వింటూ వాయిస్తాడు. తర్వాత బేసు గిటారు, మామూలు గిటార్లు, చివర గొంతు. గుర్తు ట్రాకు అప్పుడు తీసెయ్యండి.

డ్రమ్ముల దగ్గర రోజంతా పట్టినా పట్టనివ్వండి. డైనమిక్ మైకు కాలితో కొట్టే పెద్ద కిక్ డ్రమ్ము ముందు తోలు రంధ్రం దగ్గర, కండెన్సర్ మైకు పుల్లలతో కొట్టే చిన్న స్నేరు డ్రమ్ముకి మీటరు ఎత్తున. ఇప్పుడు ఒక చిక్కు వస్తుంది. కిక్ దెబ్బ కింది మైకుకి వెంటనే, పై మైకుకి నాలుగైదు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఒకదానిలో అల లేస్తున్నప్పుడు రెండోదానిలో పడుతూ ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయి, కిక్ బోలుగా తయారవుతుంది. సాఫ్ట్‌వేర్లో ఒక ట్రాకు పోలారిటీ తిప్పి, అంటే అలని తలకిందులు చేసి, చూడండి. తిప్పినప్పుడు, తిప్పనప్పుడు ఏది బరువుగా వినిపిస్తే అది ఉంచండి. సరదాకి ఇంకోటి చెయ్యండి. ఏదో ఒక ట్రాకుని కాపీ చేసి, కాపీకి పోలారిటీ తిప్పి, రెండూ ఒకే మట్టంలో కలిపి వినండి. ఏమీ వినిపించదు. రెండు శబ్దాలు కలిసి నిశ్శబ్దం అయిపోతాయి. ఎన్నిసార్లు విన్నా నాకు అది వింతే.

ఇక మట్టం, అంటే శబ్దం ఎంత గట్టిగా ఎక్కాలన్న సంగతి. సాఫ్ట్‌వేర్లో రికార్డింగు నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. మీ పాటలో అతి గట్టి దెబ్బకి మట్టం చూపే ముల్లు మైనస్ 10 డెసిబెల్ దగ్గర ఆగాలి, సున్నా దాని పైకప్పు. ఎర్రదీపం వెలిగిందంటే అల తల తెగిపోయినట్టే, దాన్ని మళ్ళీ అతికించలేం. సరిచూసేటప్పుడు అందరూ నెమ్మదిగా వాయించి, అసలు టేకులో ఉత్సాహం వచ్చి గట్టిగా బాదుతారు. అందుకే పల్లవి కాదు, పాటలో అతి గట్టి చోటు వాయించి మట్టం పెట్టుకోండి. బఫర్, అంటే కంప్యూటరు ఒక్కో విడతలో పట్టుకునే శబ్దం ముక్క, 128 శాంపిళ్ళుంటే వాయించిన స్వరం తెలిసేంత ఆలస్యం లేకుండా చెవికి తగులుతుంది. మిక్సింగుకి వచ్చాక 1024కి పెంచితే కంప్యూటరు ఆగకుండా నడుస్తుంది.

బేసు వైరు నేరుగా ఇంటర్‌ఫేసు గిటారు గుంటలో పెట్టండి. గిటారు ఆంప్లిఫయరుకి మైకు గుడ్డ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, స్పీకరు కోను నడిమధ్యకీ అంచుకీ సగంలో ఉండాలి. నడిమధ్యకి తెస్తే గిటారు శబ్దం పదునెక్కి గీరుతుంది, అంచుకి పోతే ముసుగు వేసినట్టవుతుంది. గిటారుని గరగరలాడించే డిస్టార్షన్ మీరు రోజూ వాడేదానికంటే మూడోవంతు తగ్గించండి, రికార్డులో అది రెండింతలు వినిపిస్తుంది. గిటారు లావుగా రావాలంటే అదే భాగాన్ని రెండోసారి వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెట్టండి. మొదటిదాన్నే కాపీ చేస్తే గట్టిగా వస్తుందే గాని వెడల్పు రాదు. చేతి వాయింపులో ఉండే ఆ వెంట్రుకవాసి తేడాలే వెడల్పు. సన్నగా గుంయ్యిమంటుంటే అది కరెంటు 50 హెర్ట్జ్ హోరు. లాప్‌టాపు చార్జరు తీసేసి చూడండి, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, గిటారుతో సహా నెమ్మదిగా ఒళ్ళు తిప్పండి. ఒక దిక్కున హోరు తగ్గుతుంది, అక్కడే నిలబడి వాయించండి.

ప్రతి టేకుకీ ముందు శ్రుతి చూసుకోవాలి. చెమట చేతులకి, ఫ్యాను ఆపిన గదికి తీగలు ఇట్టే జారతాయి. 1919 నుంచి విజయనగరంలో సంగీత కళాశాల ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. ఆ గాలి పీల్చే పిల్లలు శ్రుతి తప్పిన తీగ రికార్డు చెయ్యకూడదు.

పాడే అమ్మాయి మైకుకి జానెడు దూరంలో నిలబడాలి. మధ్యలో ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి నైలాన్ మేజోడు బిగించి పెట్టండి, లేకపోతే "ప", "బ" పలికినప్పుడల్లా ఊపిరి మైకుని కొట్టి ధబ్బుమంటుంది. వాన పడుతుంటే రేకుల షెడ్డు పక్కనున్న గదిలో పాట పెట్టుకోకండి, ఆ చినుకులు తియ్యడానికి ఏ మందూ లేదు.

ఇక మగ్గం, అంటే మిక్సింగు. కిక్, స్నేరు, బేసు, గొంతు నడిమధ్య, గిటార్లు చెరో పక్క. డ్రమ్ములూ బేసూ పడుగు (నిలువు పోగులు), గిటార్లు పేక (అడ్డ పోగులు), గొంతు అంచు. పడుగు బిగించాకే పేక. మొత్తం మట్టం మైనస్ 6 దాటనివ్వకండి. గిటార్లకీ గొంతుకీ 100 హెర్ట్జ్ కింద ఉన్న అడుగు మోతంతా ఫిల్టరుతో కోసెయ్యండి, ఆ చోటు కిక్‌కీ బేసుకీ కావాలి. బురదగా ఉంటే గిటార్లలో 250 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెళ్ళు తగ్గించండి. గొంతు వినిపించకపోతే వెంటనే గొంతు పెంచకండి, గిటార్లని 3000 హెర్ట్జ్ దగ్గర కాస్త తగ్గిస్తే మాటలు వాటంతట అవే పైకి తేలతాయి.

గట్టి చోట్లని అణిచి మట్టం సమం చేసే కంప్రెసర్ పడుగుకి పెట్టే గంజి లాంటిది. లేకపోతే పోగు తెగుతుంది, ఎక్కువైతే బట్ట అట్ట కడుతుంది. గొంతుకి 3:1 (గీత దాటిన మూడు డెసిబెళ్ళు ఒకటిగా తగ్గేలా) పెట్టి, గట్టి చోట్ల నాలుగైదు డెసిబెళ్ళు తగ్గేలా చూడండి. పెద్ద గదిలో మోగినట్టు తోక తగిలించే రివర్బ్ తెల్లబట్టకి నీలిమందు. వినపడే దాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి రండి.

మాట్లాడుకుంటే మాట వినిపించేంత నెమ్మదిగా పెట్టి మిక్సు చెయ్యండి. గట్టిగా పెడితే ప్రతిదీ బాగున్నట్టే ఉంటుంది. ముప్పావు గంటకోసారి పది నిమిషాలు కిందికి దిగి రండి. ఎడమా కుడీ ఒకటిగా కలిపే మోనోలో ఒకసారి, ఫోను స్పీకర్లో ఒకసారి, తెలిసినవాళ్ళ ఆటోలో ఒకసారి వినండి. బేసు ఫోన్లో పూర్తిగా మాయమైతే దాని పై స్వరాలు పెంచాలి, అడుగు కాదు. ఆఖరున మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపి 24 బిట్ వేవ్ ఫైలు దాచుకుని, పంచడానికి ఎంపీత్రీ తీసుకోండి.

ఇవేవీ ఈ సాయంత్రం మొదలుపెట్టకండి. ఫ్యాను ఆపి గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. తర్వాత ట్ర్‌ర్‌ర్ అని పిట్ట రెక్కలు కొట్టినట్టు వినిపిస్తే, అది ఎదురెదురు గోడల మధ్య బంతాట. గుడ్ల అట్టలు అంటించకండి, డ్రమ్ము మోతకి అవి చాలవు. ఇంట్లో ఉన్న అతి మందం బొంత, గోడకి నాలుగంగుళాల ఎడంగా దండెం మీద వెయ్యండి. మళ్ళీ కొట్టండి. రెండు చప్పట్లూ ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి, బొంత లేనిది ముందు, ఉన్నది తర్వాత. పాట సంగతి అవి విన్నాక.

ప్రేమతో,
మీ తాతయ్య