స్వర్ణ నిష్పత్తి: కొబ్బరి మొవ్వులో ఉన్నదెంత, మనం అంటగట్టినదెంత

కొత్త ఇంటి ఎలివేషన్ గురించి మాట్లాడినా, పెళ్లి ఆల్బం డిజైన్ చేయించినా, బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టినా ఈమధ్య మన గోదావరి జిల్లాల్లో కూడా 1.618 అనే సంఖ్య వినబడుతోంది. గుడి గోపురంలో ఉందంటారు, అందమైన ముఖంలో ఉందంటారు, పొద్దుతిరుగుడు పువ్వులో, సముద్రపు గవ్వలో, ఆఖరికి ఏటీఎం కార్డులో కూడా ఉందంటారు. వీటిలో కొన్ని నిజం, కొన్ని కావు. ఏ మాట ఎప్పుడు పుట్టిందో చూస్తే తేడా తెలుస్తుంది.

లెక్క చిన్నదే. ఒక గీతను రెండు ముక్కలు చేయాలి. మొత్తం గీత పెద్ద ముక్కకు ఎన్ని రెట్లో, పెద్ద ముక్క చిన్న ముక్కకు సరిగ్గా అన్ని రెట్లు ఉండాలి. అలా కుదిరితే వచ్చే విలువే 1.618 పైచిలుకు. దీన్నే స్వర్ణ నిష్పత్తి అంటారు. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ దీన్ని తన గ్రంథంలో వివరించాడు. ఐదు భుజాలూ సమానంగా ఉండే క్రమ పంచభుజిని గీయడానికి ఆయనకు ఇది అవసరమైంది. అందం ఊసే ఎత్తలేదు. 1509లో ఇటలీ గణితవేత్త లూకా పాచోలీ దీన్ని దైవ నిష్పత్తి అన్నాడు, ఆ పుస్తకానికి లియొనార్డో డావిన్చీ బొమ్మలు వేశాడు. అయినా భవనాల దగ్గరకొచ్చేసరికి పాచోలీ కూడా పూర్ణసంఖ్యల సులువు కొలతలనే వాడమన్నాడు. బంగారం అనే విశేషణం అచ్చులో కనిపించింది 1835లో, జర్మన్ గణితవేత్త మార్టిన్ ఓమ్ పాఠ్యపుస్తకంలో.

అందానికి సూత్రం ఇదేనన్న వాదన ఇంకా కొత్తది. 1854లో అడాల్ఫ్ త్సైజింగ్ అనే జర్మన్ రచయిత మనిషి శరీరంలో, కళలో, ప్రకృతిలో అంతటా ఇదే నియమమని రాశాడు. 1876లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గుస్తావ్ ఫెక్నర్ రకరకాల దీర్ఘచతురస్రాలు చూపించి జనం ఏది ఇష్టపడతారో అడిగితే, ఈ నిష్పత్తికి దగ్గరగా ఉన్నదాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారని ప్రకటించాడు. తర్వాతి పరిశోధకులు అదే పరీక్ష మళ్లీ పెడితే ఫలితం నిలకడగా రాలేదు. ఈలోగా మాట పాకిపోయింది. చండీగఢ్ నగరాన్ని రూపొందించిన లె కార్బూజియే 1948లో ప్రచురించిన మాడ్యులోర్ అనే కొలతల పద్ధతిని దీని మీదే కట్టాడు. ఒక డిజైనర్ తెలిసి ఎంచుకుని వాడితే అది వేరు. పాత కట్టడాలన్నిటికీ తర్వాత అంటగట్టడం వేరు.

ఏటీఎం కార్డు పొడవు 85.6, వెడల్పు 53.98 మిల్లీమీటర్లు. భాగిస్తే 1.586. దగ్గరే కానీ అదే కాదు. నాటిలస్ గవ్వ ఒక చుట్టు తిరిగేసరికి సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. ఈ నిష్పత్తితో పెరిగే మెలిక, అంటే స్వర్ణ సర్పిలమైతే దాదాపు ఏడు రెట్లు పెరగాలి. మన శిల్పులు విగ్రహాన్ని తాళమానంతో కొలిచేవారు, ముఖం పొడవు ఒక తాళం. అది పూర్ణసంఖ్యల లెక్క. ద్రాక్షారామం గుడి 1.618తో కట్టారనేవాళ్లు ఏ రాయి నుంచి ఏ రాయి వరకు కొలిచారో చెప్పాలి. గట్టిగా వెతికితే ఏ కట్టడంలోనైనా రెండు పొడవులు ఆ విలువకు దగ్గరగా దొరుకుతాయి.

మన వైపు నుంచి గర్వంగా చెప్పుకోవాల్సింది వేరే ఉంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని హైస్కూలు తెలుగు పాఠంలో అందరం చదివాం. నాలుగు మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా కూర్చవచ్చు? నాలుగు లఘువులు, రెండు గురువులు, ఒక గురువు రెండు లఘువులతో మూడు రకాలు. మొత్తం ఐదు. చివరి అక్షరం లఘువైతే ముందున్నవి ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు మాత్రలు తక్కువ. కాబట్టి ముందరి రెండు లెక్కలు కలిపితే తర్వాతి లెక్క వస్తుంది: 1, 2, 3, 5, 8, 13. ఈ నియమాన్ని నన్నయకు ముందే ఛందశ్శాస్త్రకారుడు విరహాంకుడు చెప్పాడు, తర్వాత 1150 ప్రాంతంలో హేమచంద్రుడు కూడా రాశాడు. ఇదే వరసనిచ్చే, ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ కుందేళ్ల లెక్క వచ్చింది 1202లో. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టింది ఈ విరహాంక హేమచంద్రుల మధ్య కాలంలోనే. ఈ వరసలో పక్కపక్క సంఖ్యలను భాగిస్తూ పోతే 1.618కి చేరువవుతామని 1611లో ఖగోళవేత్త కెప్లర్ రాశాడు. సైన్స్ ఎగ్జిబిషన్‌లో పెట్టాల్సిన చార్టు ఇది!

ఆకుల సంగతి 19వ శతాబ్దంలో తేలింది. 1837లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు బ్రావే సోదరులు మొక్కల్లో ఒక ఆకుకూ తర్వాతి ఆకుకూ మధ్య కోణం సుమారు 137.5 డిగ్రీలని చూపారు. పూర్తి వృత్తాన్ని స్వర్ణ నిష్పత్తిలో విడదీస్తే వచ్చే చిన్న కోణం అదే. కారణం అందం కాదు, చోటు. మొవ్వులో పుట్టే కొత్త ఆకు అంతకుముందు పుట్టినవాటికి వీలైనంత ఎడంగా, ఖాళీ ఉన్నచోట మొలుస్తుందని 1868లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త హాఫ్‌మైస్టర్ అన్నాడు. 1992లో డువాడీ, కూడే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు మొక్కే లేకుండా దీన్ని చేసి చూపించారు. అయస్కాంత ద్రవపు చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అవే సర్పిలాల్లో సర్దుకున్నాయి.

కోనసీమలో దీన్ని చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. కొబ్బరి చెట్టు సుమారు నెలకో మట్ట వేస్తుంది. ఒక మట్ట నుంచి లెక్కపెడితే ఐదు మట్టల తర్వాత వచ్చేది దాదాపు అదే దిక్కుకు చూస్తుంది, కానీ కొంచెం పక్కకు జరిగి. ఆ జరుగుడు వల్లే తలలో ఐదు మెలికల వరసలు కనిపిస్తాయి. ఇవి కొన్ని చెట్లలో ఎడమకు, కొన్నిటిలో కుడికి తిరుగుతాయి. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.ఎ. డేవిస్ 1960లలో దీన్ని లెక్కపెట్టారు. ఎడమ తిరుగుడు చెట్టు కాయ నాటినా, కుడి తిరుగుడు చెట్టు కాయ నాటినా, మొక్కల్లో సుమారు సగం అటు, సగం ఇటు వచ్చాయి. కోణానికి కారణం చెప్పగల గణితం, ఏ మొక్క ఎటు తిరుగుతుందో మాత్రం ముందుగా చెప్పలేదు.