టెస్మా: రాత్రికి రాత్రే పోయిన లక్షా డెబ్బై వేల ఉద్యోగాలు

సమ్మె నోటీసు అందగానే మన దగ్గర ముందుగా వినిపించే మాట ‘ఎస్మా’, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం. ఆ బెదిరింపు ఎంత దూరం పోగలదో 2003 జూలైలో తమిళనాడు చూసింది.

2001లో అధికారంలోకి వచ్చిన జయలలిత ప్రభుత్వం ఖజానా ఖాళీ అంటూ ఉద్యోగుల, టీచర్ల పెన్షన్, రిటైర్మెంట్ ప్రయోజనాల్లో కోతలు పెట్టింది. 2002లో టెస్మా అనే అత్యవసర సేవల చట్టం కూడా తెచ్చుకుంది. కోతలు ఎత్తేయాలని సంఘాలన్నీ ఒక్కటై 2003 జూలై 2న సమ్మెకు దిగాయి. అప్పటికే చాలామంది నాయకులు అరెస్టయ్యారు. జూలై 4న ఆర్డినెన్సుతో ఆ చట్టానికి మరింత పదును పెట్టారు. నోటీసు లేదు, సంజాయిషీ అడగలేదు, విచారణ జరపలేదు. దాదాపు 1,70,000 మందిని డిస్మిస్ చేసేశారు. ఉద్యోగిని తీసేసే ముందు అతని మాట వినాలని రాజ్యాంగం 311వ అధికరణం చెబుతుంది. మినహాయింపులున్నాయి, నిజమే. కానీ అవి లక్షల మందిని ఒకేసారి ఇంటికి పంపడానికి పెట్టుకున్నవి కావు.

బాధితులు కోర్టుకెళ్తే మద్రాసు హైకోర్టు ప్రభుత్వోద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. ఆ ట్రిబ్యునల్‌లో అప్పుడు పనిచేస్తున్నది ఒకే ఒక్క సభ్యుడు!

చివరికి సుప్రీంకోర్టు జోక్యంతో చాలామందికి ఉద్యోగాలు తిరిగొచ్చాయి. అయితే బేషరతుగా క్షమాపణ చెప్పాలి, ఇకపై సమ్మె చేయనని రాసివ్వాలి. ఆరు వేల మందికి పైగా అప్పుడు కూడా బయటే మిగిలారు. ఆగస్టు 6న జస్టిస్ ఎం.బి.షా, జస్టిస్ ఎ.ఆర్.లక్ష్మణన్ తీర్పు వచ్చింది: ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదు, చట్టపరమైన హక్కూ లేదు, నైతిక హక్కూ లేదు. మొదటిది కొత్త కాదు, 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పారు. నైతిక హక్కు కూడా లేదనడమే ఎక్కువ నొప్పించింది. సంవత్సరాల తరబడి అర్జీలు పెట్టి విసిగిపోయినవాళ్లకు ఇంకేం మిగులుతుంది?

పది నెలలు తిరక్కుండానే 2004 లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. తమిళనాడులోని 39 సీట్లూ డీఎంకే కూటమికే పోయాయి, అన్నాడీఎంకేకు ఒక్కటీ దక్కలేదు. ఇదంతా ఉద్యోగుల కోపమే అనడం సరికాదు. రైతులకు ఉచిత కరెంటు ఆపేశారు, రేషన్ కార్డుల విషయంలో జనం మండిపడ్డారు, కాంగ్రెస్, పీఎంకే, ఎండీఎంకే, వామపక్షాలు అన్నీ అవతలి పక్షానే చేరాయి. కానీ ఊరూరా ఉండే టీచరు, గుమాస్తా కుటుంబాలు ఆ జూలైని మర్చిపోలేదు. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. ఫలితాలొచ్చి వారమైనా గడవకముందే, మే 18న, సమ్మె చేసినవాళ్లపై చర్యలన్నీ రద్దు చేస్తున్నట్టు జయలలిత ప్రకటించారు.

అలా ఓటు శిక్షను తీసేయించింది. తీర్పు మాత్రం ఉండిపోయింది, అది దేశమంతటికీ వర్తిస్తుంది. మన దగ్గర ఉన్నది 1971 నాటి ఎస్మా చట్టం. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని సమ్మెలో ఉన్న అంగన్‌వాడీలపై ప్రయోగించింది. జీతం కాదు, గౌరవ వేతనం మాత్రమే తీసుకునే ఆ మహిళల్ని రెగ్యులర్ ఉద్యోగులుగా ఏనాడూ గుర్తించలేదు. సమ్మె ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్ల పని అత్యవసర సేవ అయింది.